పిల్లల్ని ఆరాధన మొత్తం మన పక్కనే కూర్చోబెట్టుకోవాలంటే ఏయే ఏర్పాట్లు కావాలి?

వెనక బెంచీ (ప్రశ్న)

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనకి తొంభై మంది దాకా వస్తారు. అందులో పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఇరవై ఆరుగురు. ఇన్నాళ్ళూ మొదటి పాట అవ్వగానే పిల్లలంతా పక్క గదికి వెళ్ళిపోవడం, ఆశీర్వచనం అయ్యాక తల్లిదండ్రులు వెళ్ళి తెచ్చుకోవడం జరుగుతోంది. దాంతో పదేళ్ళు వచ్చినా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఎలా జరుగుతుందో, కానుక ఎందుకు వేస్తారో పిల్లలకి తెలీడం లేదు. పదమూడో ఏట ఉన్నట్టుండి "ఇక పెద్దవాళ్ళతో కూర్చో" అంటే పరాయి ఇంటికి వచ్చినట్టు బిక్కమొహం వేస్తున్నారు. కొందరు మెల్లగా రావడమే మానేస్తున్నారు.

సంఘ పెద్దలు ఇప్పుడు పిల్లల్ని లోపలే ఉంచుదామని ఒప్పుకున్నారు. మా క్రమం నిమిషాల లెక్కన ఇదీ: పాటలు 25, ప్రార్థనలు 15, వాక్య పఠనం 5, ప్రసంగం 45, కానుకలు ప్రకటనలు 10, ముగింపు పాట ఆశీర్వచనం 10. మొత్తం గంటా యాభై నిమిషాలు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకి ఇంకో 20.

నా సందేహాలు: ఏ వయసు నుంచి లోపల ఉంచాలి? ప్రసంగం అప్పుడు ఏం చేయాలి? ఏడుపు, గొడవ మొదలైతే ఎవరు కదలాలి, ఎప్పుడు కదలాలి? బాప్తిస్మం తీసుకోని పిల్లలు బల్ల దగ్గర ఏం చేస్తారు? "పిల్లలు దేవుని వరం" లాంటి జవాబులు దయచేసి వద్దు, అది మాకూ తెలుసు. పని ఎలా చేయాలో చెప్పండి.

ఆరాధన క్రమం

వందనాలండీ. ముందు ప్రశ్న మార్చుకోండి. "పిల్లల్ని కదలకుండా ఎలా కూర్చోబెట్టాలి" అని మొదలుపెడితే జవాబు రంగుల పుస్తకం, తినుబండారం దగ్గర ఆగిపోతుంది. "ఈ ఐదు నిమిషాల్లో పిల్లవాడికి పనేంటి" అని అడగండి. మీ క్రమం కాగితం తీసుకుని ఒక్కో అంశం ఎదురుగా "నాలుగేళ్ళ బిడ్డ ఏం చేస్తుంది, తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఏం చేస్తాడు" అని రాయండి. ఏ అంశం ఎదురుగా ఏమీ రాయలేకపోతారో గొడవ అక్కడే పుడుతుంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు. నాలుగో శతాబ్దం చివర్లో యెరూషలేము చూడటానికి వెళ్ళిన ఎగేరియా అనే యాత్రికురాలు అక్కడి సాయంకాల ప్రార్థన ఎలా జరిగేదో రాసిపెట్టింది. డీకన్ (సంఘ పరిచారకుడు) ఎవరికోసం ప్రార్థించాలో వాళ్ళ పేర్లు ఒక్కోటి చదువుతుంటే, ప్రతి పేరుకీ అక్కడ నిలబడ్డ చిన్నపిల్లలు "కిరియె ఎలెయిసోన్", అంటే "ప్రభువా, కనికరించు" అని బదులు పలికేవారట. చదవడం రాని పిల్లవాడు కూడా చేయగల పని అది. పొట్టి మాట, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట. (సండే స్కూలే పాత పద్ధతి అనుకునేవాళ్ళకి ఒక మాట: రాబర్ట్ రెయిక్స్ 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో సండే స్కూలు పెట్టింది వారమంతా పనికి పోయే పిల్లలకి ఆదివారం ఒక్కరోజన్నా చదువు నేర్పడానికి. ఆ పిల్లల్ని అక్కణ్ణుంచి చర్చికి కూడా తీసుకెళ్ళేవారు. ఆరాధన బదులు బడి అన్నది తర్వాత వచ్చిన అలవాటు.)

ఇక మీ క్రమం సంగతి.

మీ 25 నిమిషాల పాటల్లో కనీసం ఒకటి పల్లవి తిరిగి తిరిగి వచ్చేది ఉండాలి. అదే పాట వరసగా నాలుగు ఆదివారాలు పాడండి. వారానికో కొత్త పాట పెడితే చదవలేని పిల్లలకి ఏదీ నోటికి పట్టదు. శ్రుతి కూడా చూసుకోండి. పాట నడిపించే మగగొంతుకి సుఖంగా ఉందని మరీ కిందికి దించితే పిల్లలు పాడలేరు, గొణుగుతారు. కీబోర్డు మీద మధ్య సి పక్కనున్న డి నుంచి దాని పై డి దాకా తిరిగే పాట చాలామంది పిల్లలకి అందుతుంది. పిల్లలున్న బెంచీలు స్పీకర్ పెట్టెకి ఎదురుగా వేయకండి. పాట మొదలవగానే చెవులు మూసుకున్న బిడ్డ అల్లరి చేయట్లేదు, ఆ బిడ్డకి నిజంగానే బాధగా ఉంది.

అందరూ ప్రసంగం గురించి భయపడతారు గానీ, పిల్లలకి అసలు కష్టం మీ 15 నిమిషాల ప్రార్థన. కళ్ళు మూసుకోవాలి, చూడ్డానికి ఏమీ ఉండదు, ఒకే గొంతు, ఎప్పుడు అయిపోతుందో తెలీదు. దాన్ని మూడు ముక్కలు చేయండి: సంఘం కోసం, రోగుల కోసం, లోకం కోసం. ఒక్కో ముక్క మూడు నిమిషాలు దాటకూడదు. ప్రతి ముక్క చివర సంఘమంతా ఒకే మాట పలకాలి, "ప్రభువా, మా మొర ఆలకించుము" లాంటిది. చివర్లో ప్రభువు ప్రార్థన అందరూ కలిసి చెప్పండి. పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లల గొంతు నాలుగుసార్లు వినబడుతుంది.

వాక్య పఠనం నెలకోసారి తొమ్మిదేళ్ళు దాటిన పిల్లల చేత చదివించండి. ఇక్కడ ఎక్కువ సంఘాలు చేసే పొరపాటు ఆదివారం పొద్దున "ఇవాళ నువ్వు చదువు" అనడం. వాక్యభాగం మంగళవారానికల్లా ఇవ్వాలి. ఎనిమిది వచనాలు మించకూడదు, నోరు తిరగని పేర్లు ఉండకూడదు. బైబిల్లోంచి చదివించకండి. పద్దెనిమిది పాయింట్ల అక్షరంతో వేరే కాగితం మీద అచ్చు వేసి, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో నిలువు గీత పెట్టండి. శనివారం ఖాళీ హాల్లో, అదే మైకు ముందు రెండుసార్లు చదివించండి. పీఠం ఎత్తు చూసుకోండి. పిల్ల మొహం పీఠం వెనక దాక్కుని తల పైభాగమే కనబడితే జనం నవ్వుతారు, ఆ పిల్ల మళ్ళీ మైకు దగ్గరికి రాదు. పీఠం పక్కన విడిగా స్టాండు మైకు పెట్టేస్తే సరిపోతుంది.

కానుక సంచి పట్టుకోవడం, పాటల పుస్తకాలు పంచడం, తలుపు దగ్గర నిలబడి వందనాలు చెప్పడం, ఇవన్నీ ఇద్దరేసి పిల్లలు ఒక పెద్దమనిషితో కలిసి చేయొచ్చు. పేర్ల పట్టిక నెల ముందే గోడకి పెట్టండి. నాణేలు మాత్రం కవర్లో వేసి ఇంటినుంచే పంపమనండి. చేతికిస్తే బెంచీ కింద పడతాయి, ఆ నాణెం కోసం నలుగురు వంగుతారు.

మొదలుపెట్టే ముందు ఆరు వారాలు ఇంటి దగ్గర తయారీ ఉండాలి. రోజూ రాత్రి పది నిమిషాల కుటుంబ ప్రార్థనలో మూడే మూడు కంఠతా రావాలి: ప్రభువు ప్రార్థన, ఆ నాలుగు వారాల పాట పల్లవి, ప్రార్థన మధ్యలో పలికే ఆ బదులు మాట. హాల్లో అడుగుపెట్టేసరికి "ఇది నాకు వచ్చు" అనుకునేవి మూడు ఉంటే పిల్లలు వాటికోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

చంటిపిల్లల గది

పై జవాబులో చాలావరకు నేనూ అనేదే. కానీ తొంభై మందీ ఒకేసారి, అన్ని వయసులూ, మొదటివారం నుంచే అంటే అది నడవదు. ఆ పక్క గది మూసేయకండి. దాని పని మార్చండి, అంతే. మూడేళ్ళలోపు వాళ్ళకి అది ఎప్పుడైనా వెళ్ళి రాగల చోటుగా ఉండాలి. తల్లి గానీ తండ్రి గానీ కావాలనుకుంటే వాడతారు, వద్దనుకుంటే బిడ్డతో హాల్లోనే ఉంటారు. "చంటిపిల్లలున్నవాళ్ళు గదిలోకి వెళ్ళండి" అని మైకులో చెప్పారంటే ఆ తల్లి వచ్చేవారం రాదు. పాలిచ్చే తల్లికి ప్రసంగం వినబడేలా గదిలో చిన్న స్పీకర్ పెట్టండి. హాలు కనబడేలా గోడకి గాజు కిటికీ ఉంటే ఇంకా మంచిది.

మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళని ప్రసంగం మొదలయ్యేదాకా లోపల ఉంచి, ప్రసంగం అప్పుడు మాత్రం గదికి పంపి, కానుకల వేళకి మళ్ళీ లోపలికి తీసుకురండి. ఈ రాకపోకలకి చెరో నిమిషం పట్టాలి, ఐదు కాదు. అందుకు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సంఘం ఒక చరణం పాడితే చప్పుడు అందులో కలిసిపోతుంది. ఏడేళ్ళు దాటినవాళ్ళు మొత్తం లోపలే. మూడు నెలలయ్యాక ఆరేళ్ళ వాళ్ళని, ఇంకో మూడు నెలలకి ఐదేళ్ళ వాళ్ళని కలుపుకోవచ్చు. గదిలో ఎప్పుడూ ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచి ఉండాలి, బిడ్డని వదిలినవాళ్ళకి తప్ప వేరేవాళ్ళకి అప్పగించకూడదు. ఎంత తెలిసినవాళ్ళైనా ఇందులో మొహమాటం లేదు.

ఎక్కడ కూర్చోవాలి అన్నది మీరు అడగలేదు గానీ సగం పని అక్కడే ఉంది. పిల్లలున్నవాళ్ళు అలవాటుగా వెనక కూర్చుంటారు. అక్కడ పిల్లవాడికి కనబడేవి పెద్దల వీపులు. బల్ల కనబడదు, పాడేవాళ్ళు కనబడరు, ఇక చూడ్డానికి మిగిలింది వెనక్కి తిరిగి నవ్వించే ఇంకో పిల్లవాడే. ముందు నుంచి రెండు లేదా మూడో వరసలో, నడవా పక్క కొసన కూర్చోండి. కొసన ఎందుకంటే లేచి వెళ్ళాల్సి వస్తే ఎవరి మోకాళ్ళూ దాటక్కర్లేదు. బిడ్డ ఇద్దరు పెద్దల మధ్య ఉండాలి, ఇద్దరు పిల్లలు పక్కపక్కన కాదు. ప్రతి ఆదివారం అదే చోటు.

బయటికి వెళ్ళడం గురించి: నెలల బిడ్డ ఏడిస్తే వెంటనే లేవండి, అందులో నేర్పాల్సిందేమీ లేదు. ఆకలో తడో చూసి తెచ్చుకోండి. రెండేళ్ళు దాటిన పిల్లలది వేరు. గొడవ చేస్తే బయటికి తీసుకెళ్ళి ఆవరణలో ఆడుకోనిచ్చారనుకోండి, గొడవ చేస్తే ఆట దొరుకుతుందని రెండు వారాల్లో పట్టేస్తారు. తర్వాత ప్రతివారం అదే సమయానికి మొదలుపెడతారు. బయటికి వెళ్ళినా ఎత్తుకుని నిలబడండి, ఆట లేదు, ఫోన్ లేదు, తిట్టు కూడా లేదు. ఊపిరి నెమ్మదించాక రెండు మూడు నిమిషాల్లో అదే చోటికి తిరిగి రండి. మొదటి నెలలో ఒకే ఆరాధనలో మూడుసార్లు వెళ్ళి రావాల్సి వస్తుంది. అది మామూలే.

సంచి విషయం. అందరూ సంచి తెస్తారు, అది కూర్చోగానే చేతికిచ్చేస్తారు. మొదటి పాట అయ్యేలోపు అందులోవన్నీ చూడ్డం అయిపోతుంది. సంచి ప్రసంగం కోసమే దాచండి. అందులోంచి కూడా ఒక్కో వస్తువే బయటికి రావాలి. నాలుగేళ్ళ బిడ్డకి చాలినవి: గీతల్లేని చిన్న నోటు పుస్తకం, రెండే రెండు మైనం రంగులు, గుడ్డతో కుట్టిన బొమ్మల పుస్తకం ఒకటి, మెడలో వేసుకునే దారానికి గుచ్చగల పెద్ద చెక్కపూసలు ఐదారు. ఈ సంచి ఆదివారం తప్ప ఇంట్లో కనబడకూడదు.

సంచిలో ఉండకూడనివి కూడా చెప్తాను. స్కెచ్ పెన్నులు వద్దు, మూత పడిందంటే పీఠం దాకా దొర్లుతుంది. వెల్క్రో పట్టీ ఉన్నవి వద్దు, నిశ్శబ్ద ప్రార్థనలో ఆ చిరుగుడు చప్పుడు హాలంతా వినబడుతుంది. కరకరలాడే కాగితంలో చుట్టినవి, స్టీలు నీళ్ళ సీసా వద్దు. మూడేళ్ళలోపు పిల్లలు చేరుకోగల చోట 3.17 సెంటీమీటర్ల గొట్టంలో పట్టేంత చిన్న వస్తువు ఏదీ ఉండకూడదు. బొమ్మల భద్రత పరీక్షల్లో వాడే కొలత అది, గొంతులో ఇరుక్కునే ప్రమాదానికి లెక్క. పక్క బెంచీ చంటిబిడ్డని కూడా దృష్టిలో పెట్టుకుని పూసల సైజు ఎంచుకోండి. ఫోన్ అసలు వద్దు. ఒకసారి ఇస్తే, పక్కనున్న పిల్లలు ముగ్గురు మెడ తిప్పుతారు, వచ్చేవారం నలుగురికీ కావాలి.

వెనక బెంచీ

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ప్రార్థనని ముక్కలు చేయడం మాకు తట్టనే లేదు. ఏడేళ్ళు దాటినవాళ్ళు 45 నిమిషాల ప్రసంగం కూర్చోవాలంటే మాత్రం ఇంకా భయంగానే ఉంది. మా పాస్టర్ గారు తగ్గించడానికి సిద్ధమే, కానీ "పిల్లల కోసం ప్రసంగాన్ని పలచన చేయను" అంటున్నారు. ఇంకోటి, కొందరు ప్రసంగానికి ముందు పిల్లల్ని ముందుకి పిలిచి ఐదు నిమిషాల కథ చెప్పమంటున్నారు. అది సరిపోతుందా?

ప్రసంగ పీఠం

పలచన చేయక్కర్లేదు, పాస్టర్ గారు చెప్పింది సబబే. ఎఫెసీయులకు 6:1లో పౌలు "పిల్లలారా" అని నేరుగా పిలిచాడు. ఆ పత్రిక సంఘం ముందు పైకి చదివేవాళ్ళు కాబట్టి, ఆ పిలుపు వినడానికి పిల్లలు అక్కడే ఉండి ఉండాలి. కానీ చూడండి, ఆ పత్రికంతా పిల్లల భాషలో లేదు. వాళ్ళకోసం ఒక మాట ఉంది, వాళ్ళని పేరుపెట్టి పిలిచి మరీ చెప్పాడు. ప్రసంగీకుడు చేయాల్సింది అంతే.

నేరుగా పిలవడం ప్రసంగంలో మూడు చోట్ల పెట్టుకోండి: మొదటి రెండు నిమిషాల్లో, సరిగ్గా మధ్యలో, చివర్లో. "బడికెళ్ళే పిల్లలూ, ఇది మీకు" అని ఆగి, వాళ్ళ వైపు చూసి, రెండు వాక్యాలు. నోట్స్‌లో ఆ మూడు చోట్లా ఎర్రగీత గీసుకోండి. లేకపోతే వేడిలో మర్చిపోతారు. ఒక్కో పిలుపులో ఒక్క క్రియ ఉండాలి: క్షమించు, పంచుకో, అడుగు. "కృపాయుగంలో మన స్థానం" అన్నది పెద్దలకి చెప్పండి, తప్పులేదు. దాని వెనకే "నువ్వు అద్దం పగలగొట్టావు, ఇంట్లోవాళ్ళు కొత్తది కొన్నారు, నీ దగ్గర డబ్బు అడగలేదు" అనండి. పెద్దలు కూడా ఆ రెండోదాన్నే ఇంటికి తీసుకెళ్తారు.

ఉపమానాలతో జాగ్రత్త. "యేసు నీ హృదయం తలుపు తడుతున్నాడు" అంటే ఐదేళ్ళ బిడ్డ నిజంగానే ఒళ్ళు తడుముకుని తలుపు ఎక్కడుందని అడుగుతుంది. ఏడేళ్ళలోపు పిల్లలు మాటని ఉన్నదున్నట్టే పట్టుకుంటారు. బైబిల్లో కళ్ళకి కనబడేవి బోలెడున్నాయి: ఐదు రొట్టెలు రెండు చేపలు, పైకప్పు విప్పి మంచం దించడం, చెట్టెక్కిన జక్కయ్య. వాటిని వాటిగానే చెప్పండి, దేనికో గుర్తుగా మార్చేయకుండా.

పిల్లల్ని ముందుకి పిలిచి కథ చెప్పడం నాకు అంత ఇష్టం లేదు. చెడ్డదని కాదు. జరిగేది ఏంటంటే, పిల్లవాడు ఏదో అమాయకంగా అంటాడు, పెద్దలు ఘొల్లుమంటారు. రెండోవారం నుంచి చురుకైన ఇద్దరు నవ్వించడానికే మాట్లాడతారు, బిడియం ఉన్నవాళ్ళు అసలు లేవరు. అది అయ్యాక "మీ వంతు అయిపోయింది" అని అందరికీ అర్థమవుతుంది, తర్వాత 40 నిమిషాలూ వాళ్ళవి కావు. పెట్టే తీరాలంటే ప్రశ్నలు అడగకండి, మూడు నిమిషాలు దాటకండి, పిల్లల్ని జనానికి ఎదురుగా కాకుండా పీఠం వైపు తిప్పి కూర్చోబెట్టండి. చెప్పేది ఆ రోజు వాక్యభాగమే అయ్యుండాలి, వేరే కథ కాదు.

కాగితం పని చేస్తుంది, అయితే తయారుచేయడం తెలియాలి. ఒక కాగితం, రెండు వైపులు. ఒకవైపు చదవలేని వాళ్ళకి: మూడు ఖాళీ గళ్ళు, అంతే. ప్రసంగంలో మూడుసార్లు పిలిచినప్పుడల్లా ఒక గడిలో బొమ్మ వేయాలి. రెండోవైపు చదివేవాళ్ళకి: వాక్యభాగం గుర్తు, ఆ రోజు ప్రసంగంలో తరచూ వచ్చే మాటలు మూడు ("విశ్వాసం", "నీళ్ళు", "భయం" లాంటివి), ఒక్కోటి వినబడినప్పుడల్లా ఒక గీత పెట్టడానికి చోటు, అడుగున "నాకు అర్థం కానిది" అని ఒక వరస. అన్నిటికంటే పనికొచ్చేది ఆ చివరి వరసే. పాస్టర్ గారు తలుపు దగ్గర వందనాలు చెప్పేటప్పుడు ఆ కాగితాలు చూసి ఒక్కరికైనా జవాబు చెప్పాలి. చూడకుండా వదిలేస్తే నాలుగోవారానికి గళ్ళలో కార్ల బొమ్మలు వస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే పదవినోదం కాగితాలు వద్దు. అది నింపేటప్పుడు చెవులు పనిచేయవు.

నిడివి అంటారా, 45ని 30 చేయమని చెప్తాను. చేయలేకపోతే 20 నిమిషాల దగ్గర ఆపి, అందరినీ లేపి, ఆ వాక్యం మీదే ఒక చరణం పాడించి, మిగతాది చెప్పండి. అపొస్తలుల కార్యములు 20లో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. తప్పు ఐతుకుదని ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు మరి.

రొట్టె గిన్నె

ప్రభువు బల్ల ప్రశ్నకి ఇంకా ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. ఇందులో సంఘాలన్నిటికీ ఒకే పద్ధతి లేదు, కాబట్టి "మిగతావాళ్ళు ఇలా చేస్తారు" అన్న మాట మీద నడవకండి. ఆర్థడాక్స్ సంఘాల్లో పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చి, తైలాభిషేకం చేసి, అప్పట్నుంచే ప్రభు భోజనం కూడా ఇస్తారు. రోమన్ కాథలిక్కుల్లో 1910లో పదో పయస్ పోపు ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం తెలివి వచ్చే వయసు, అంటే ఇంచుమించు ఏడేళ్ళు. అంతకుముందు చాలా చోట్ల పది పన్నెండేళ్ళు దాటేదాకా ఆపేవారు. విశ్వసించాకే బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో మామూలుగా బాప్తిస్మం తర్వాతే. మీది మూడోరకం అనిపిస్తోంది.

తీసుకోని పిల్లలు ఉండగా బల్ల జరిగేటప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పళ్ళెం వాళ్ళ తలమీదుగా దాటిపోతుంది. పిల్లవాడు చేయి చాస్తాడు, అమ్మ చటుక్కున చేయి లాగుతుంది. వాడికి అర్థమయ్యేది తనేదో తప్పు చేశాడని. దీనికి మూడు పనులు చేయండి.

శనివారం రాత్రే ఇంట్లో చెప్పండి: రేపు పళ్ళెం వస్తుంది, నువ్వు ఇంకా తీసుకోవు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నాన్నకి అందించు. చేతికి పని ఉంటే చేయి చాచడం ఉండదు. చిన్న గ్లాసులున్న పళ్ళెం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. బరువు ఒకవైపు ఒరిగి మొత్తం ఒలికిపోతుంది. రొట్టె పళ్ళెం వరకే.

మీ సంఘంలో బల్ల దగ్గరికి వెళ్ళి తీసుకునే పద్ధతి ఉంటే పిల్లలు కూడా తల్లిదండ్రులతో నడిచి వెళ్ళాలి. తీసుకోనివాళ్ళు చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకుంటారు, అది గుర్తు. కాపరి తలమీద చేయిపెట్టి, వీలైతే పేరుతో, ఒక్క వాక్యం దీవిస్తాడు. ఇరవై ఆరుగురికి కలిపి రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది, ముందే లెక్కలో వేసుకోండి.

ఇక అడగనివ్వండి. నిర్గమకాండం 12:26లో యూదుల పస్కా పండుగ గురించి చెప్తూ, మీ పిల్లలు ఈ ఆచారం ఏమిటని అడుగుతారు, అప్పుడు ఇలా చెప్పండి అని ఉంది. పిల్లలు అడిగే ప్రశ్నకి ఆ క్రమంలోనే చోటు ఉందన్నమాట. బల్ల జరుగుతుండగా "ఇదేంటి" అని గుసగుసగా అడిగితే "ష్" అనకండి, చెవిలో ఒక వాక్యం చెప్పండి. ఆ ఆదివారం ప్రసంగం 20 నిమిషాలకి మించకుండా చూసుకోండి. గంటా యాభై కాస్తా రెండు గంటల పది నిమిషాలు అయితే పిల్లలే కాదు, ఎవరూ బల్ల మీద మనసు పెట్టలేరు.

తలుపు దగ్గర మనిషి

రెండు విషయాలు వదిలేశారు.

ఇరవై ఆరుగురిలో తల్లిదండ్రులు రాకుండా ఒంటరిగానో, పక్కింటివాళ్ళతోనో వచ్చే పిల్లలు ఉండే ఉంటారు. "తల్లిదండ్రులతో కూర్చోండి" అనగానే వాళ్ళు ఎటు పోవాలో తెలీక తలుపు దగ్గర నిలబడతారు. మొదటి ఆదివారానికి ముందే వాళ్ళ పేర్లు రాసి, ఒక్కో పిల్లవాడికి ఒక కుటుంబాన్ని చూడండి. ఒంటరి వ్యక్తికి కాదు, కుటుంబానికి. ఇంట్లోవాళ్ళ అనుమతి అడిగి తీసుకోండి. ప్రతివారం అదే కుటుంబం, అదే బెంచీ. ఆ కుటుంబం రాని రోజుకి రెండో పేరు కూడా ఉండాలి.

రెండోది, చప్పుడు గానీ గుంపు గానీ తట్టుకోలేని పిల్లలు, మాటలు ఆలస్యమైన పిల్లలు. వీళ్ళకి చెవులమీద పెట్టుకునే చప్పుడు తగ్గించే కప్పులు రెండు జతలు తలుపు దగ్గర ఉంచండి. క్రమం మొత్తం బొమ్మలుగా వేసిన ఒక అట్ట ఇవ్వండి: నోరు తెరిచిన బొమ్మ అంటే పాట, చేతులు జోడించిన బొమ్మ అంటే ప్రార్థన, పుస్తకం, సంచి, తలుపు. ఒక్కోటి అయిపోగానే దానిమీద చీటీ అంటించుకుంటూ పోతారు. ఇంకా ఎన్ని మిగిలాయో కళ్ళకి కనబడితే సగం కంగారు తగ్గుతుంది. క్రమం మార్చాల్సి వస్తే ఆ తల్లిదండ్రులకి శనివారమే చెప్పండి. చప్పట్లు కొట్టించే పాట ఉంటే ముందే చెప్పండి.

వెనక బెంచీ

అన్నీ రాసుకున్నాను. చివరిగా ఒక్కటి. "ఒక నెల చూద్దాం, గొడవ తగ్గకపోతే మళ్ళీ పాత పద్ధతే" అంటున్నారు పెద్దల్లో ఒకరిద్దరు. నెల చాలా?

ఆరాధన క్రమం

చాలదండీ. మొదటివారం కొత్త కాబట్టి పిల్లలు బుద్ధిగానే ఉంటారు, అందరూ మెచ్చుకుంటారు. రెండు నుంచి నాలుగో వారం దాకా కొత్తదనం పోతుంది, అలవాటు ఇంకా రాదు. గొడవ ఎక్కువగా ఉండేది అప్పుడే. నెలకే తీర్పు చెప్తే సరిగ్గా ఆ గుంటలో చెప్పినట్టు. పన్నెండు వారాలు అడగండి.

ఆ పన్నెండు వారాలూ క్రమం కాగితం ఒకటి పెట్టుకుని, హాలంతా తలతిప్పి చూసేంత చప్పుడు వచ్చినప్పుడల్లా ఆ అంశం పక్కన ఒక పెన్సిల్ గీత పెట్టండి. ఎవరి బిడ్డ అని రాయకండి, ఎప్పుడు అన్నదే కావాలి. నాలుగు వారాల కాగితాలు పక్కపక్కన పెడితే గీతలు ఎక్కడ గుంపుగా పడ్డాయో కనబడుతుంది. నన్నడిగితే మీకు ఎక్కువ పడేది ప్రకటనల దగ్గర, ప్రసంగంలో కాదు. ఆ అంశం ఒక్కటే మార్చి మళ్ళీ చూడండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. గీతలు పెట్టే పని తలుపు దగ్గర నిలబడే మనిషికి ఇవ్వండి. పాస్టర్ గారికి వద్దు, ఆయనకి ముందు రెండు వరసల చప్పుడే వినబడుతుంది.